ఆశ ఉందా అని అడిగినందుకు

మదనపల్లె వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగేది ఒకటే: "అక్కడ బాగా చలట కదా?" అవును, చలే. నవంబరులో పొద్దెక్కినా శాలువా తియ్యబుద్ధి కాదు. కానీ ఆ నాలుగు రోజుల్లో ఆ దారిన నేను చూసింది, విన్నది చలి కంటే ఎక్కువగా వణికించింది. వచ్చి పక్షం రోజులైనా ఇంకా తేరుకోలేదు.

ఈ ప్రయాణం నిజానికి నాది కాదు, వసుంధరది. ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. నేను ఊళ్ళో కాలేజీలో తెలుగు చెబుతూ ఉండిపోయాను, తను తిరుపతిలో స్థిరపడి మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న మనుషుల్లో ఆశ ఏపాటి ఉంటుందో కొలవడం ఆమె పని. "జ్వరం చూసినట్టు ఆశను చూస్తారటే?" అని నేను నవ్వితే, "చూస్తారు. థర్మామీటరు బదులు ప్రశ్నలు" అంది. తను ఇంగ్లీషులో రాసుకున్న ప్రశ్నల్ని నా చేత తెలుగు చేయించింది. అవి మదనపల్లె జనానికి ఎలా వినిపిస్తున్నాయో నీ చెవులతో నువ్వే విందువుగాని రా, అని పిలిచింది. ఈ తొంభై ఎనిమిది నవంబరులో సెలవు పెట్టి బయల్దేరాను.

మదనపల్లె: టమాటాలు, సంగటి

బస్సు దిగగానే మొదట ఆశ్చర్యపరిచింది టమాటా. మార్కెట్టు ముందు రోడ్డు వార ఎర్రటి తివాచీ పరిచినట్టు ఉంది. ఒక రైతు గంప తరవాత గంప ఎత్తి ఆవుల ముందు కుమ్మరిస్తున్నాడు. మా ఊళ్ళో అంతకు ముందు వారమే కిలో ఎనిమిది రూపాయలు పెట్టి కొన్నాను.

"ఎందుకండీ పారబోస్తున్నారు?" అని అడిగాను.

"కిలో అర్ధరూపాయికి అడగతాండారమ్మా. కోసిన కూలోళ్ళకు గూడ చాలదు. ఆవులన్నా కడుపునిండా తినిపోనీ" అన్నాడు, కోపం లేకుండా. పైగా నాలుగు మంచివి ఏరి నా సంచిలో వేశాడు. డబ్బివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే ఆకులో అన్నం బదులు గోధుమ రంగు ముద్ద పడింది. రాగి సంగటి. పక్కన పప్పు, వేరుశనగల పచ్చడి. నేను అన్నంలాగే నములుతుంటే దవడకీ పళ్ళకీ అంటుకుని నానా తిప్పలూ పెట్టింది. వడ్డించే ఆయన నిలబడి చూసి, "నమలకూడదమ్మా, పప్పులో అద్దుకోని మింగేయల్ల" అన్నాడు. చుట్టూ ఉన్న బల్లల వాళ్ళంతా ఈమె మింగుతుందా లేదా అని చూస్తున్నారు. మింగాను. అందరూ తృప్తిగా తల తిప్పుకున్నారు.

ఊరి బయటి ఆసుపత్రి

ఆసుపత్రి పేరు రాయను. ఊరికి దూరంగా, గాలి ధారాళంగా వచ్చేలా పొడవాటి వరండాలతో కట్టిన పాత భవనం. క్షయ రోగుల వార్డు చూసుకునే నర్సు పేరు కరుణమ్మ. యాభై దాటిన మనిషి. తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసుకి శిలువ. వార్డులో అందర్నీ పేరు పెట్టి పిలుస్తుంది, అందరూ ఆమెకు జంకుతారు.

వసుంధర నాలుగు గ్లాసుల బొమ్మలు గీసుకొచ్చింది. ఒకటి ఖాళీ, ఒకదానిలో అడుగున కొద్దిగా నీళ్ళు, ఒకటి సగం పైన, ఒకటి నిండుగా. చదువురానివాళ్ళు ప్రశ్న విని, తమకు ఎంత అనిపిస్తే ఆ గ్లాసు మీద వేలు పెట్టాలి. మొదట కూర్చోబెట్టిన ముసలావిడను "మీకు ఆశ ఉందా అమ్మా?" అని అడగ్గానే ఆమె కస్సుమంది.

"నాకేమాశ? నేనెవురి సొమ్ముకన్నా ఆశపడినట్ల సూసినారా మీరు? బిడ్డలు పెట్టింది తిని పడుకోనుండా."

మేం కంగారుగా సర్దిచెప్పాం. వసుంధర నా వంక చూసింది. మాట మార్చాలేమో అనుకున్నాం గాని, ఆ పూటకి అలాగే కానిచ్చేశాం.

రెండో మనిషి రెడ్డెప్ప. నలభై ఏళ్ళుంటాయి. పొడుగు, ఎముకలు కనిపించే భుజాలు, శుభ్రంగా దువ్విన జుట్టు. పుంగనూరు అవతల చౌడేపల్లె పక్కన పల్లె. రెండు పాడి ఆవులు, కొంచెం చేను. దగ్గులో రక్తం పడితే మూడు నెలల కిందట వచ్చి చేరాడట. వసుంధర మొదటి ప్రశ్న అడిగింది.

"మీకు ఆశ ఉందా?"

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఈ మాట ఎవురు అడగమన్నారమ్మా? డాక్టరుసారా?"

"సారుకు చెప్పే వచ్చామండీ."

"వార్డులో అందర్నీ అడగతాండారా?"

"లేదు, జబ్బు పెద్దదిగా ఉన్నవాళ్ళనే" అంది వసుంధర.

రెడ్డెప్ప వరండాలోకి చూశాడు. తరవాత నిండు గ్లాసు మీద వేలు పెట్టాడు. ప్రతి ప్రశ్నకూ నిండు గ్లాసే. "ముందు ముందు చెయ్యాలనుకున్న పని ఏదైనా ఉందా?" అన్నప్పుడు మాత్రం బొమ్మ వైపు చూడలేదు.

"ఉండాది" అన్నాడు.

"ఏమిటో చెప్తారా?"

"సెప్పేది కాదమ్మా. సేసేది."

బయటికొచ్చాక వసుంధర సంతోషం పట్టలేకపోయింది. ఇంత జబ్బులో ఇంత ఆశ ఉన్న మనిషిని తాను ఇంతవరకూ చూడలేదంది. ఆ సాయంత్రం బజారులో నిలబడి ఇద్దరం మసాలా బొరుగులు తిన్నాం. మా వైపు మరమరాలంటే పిల్లల తిండి. ఇక్కడ ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కలిపి పెద్దవాళ్ళు పొట్లం కట్టించుకుని మరీ పోతారు.

ఖాళీ మంచం

మర్నాడు పొద్దున వార్డు గుమ్మంలోనే కరుణమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"ఏమడిగినారమ్మా మీరు ఆ మనిసిని?"

"ఎవర్ని?"

"రెడ్డెప్పను. ఎల్లిపోయినాడు."

నాకు ఒక్క క్షణం అర్థం మరోలా తోచింది. ఆమె నా మొహం చూసి, "సావలేదు. లేసి పోయినాడు. తెల్లారేలోగా" అంది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. దిండు మీద ఆయన మాత్రలన్నీ కాగితంలో కట్టి ఉన్నాయి. పక్క మంచం మనిషి చెప్పాడు: "యాడికన్నా అంటే పనుండాదన్నాడు. ఆ మాత్రలు నాకింగెందుకు, ఎవురికన్నా పనికొస్తే ఇయ్యండి అన్నాడు."

కరుణమ్మ గొంతు తగ్గింది. అది అరుపుకంటే భయంగా ఉంది. "మూడు నెలలు సూదులేసి, మాత్రలు మింగించి మనిసిని నిలబెట్టినామమ్మా. కళ్ళె పరీక్ష నిన్న సాయంత్రమే వచ్చింది, సుద్ధంగా ఉండాది. ఇంగొక వారముంటే మేమే ఇంటికి పంపించేవాళ్ళం, ఆడ మాత్రలు మింగుకుంటా ఉండుంటే సరిపోతా ఉండె. ఇట్ల నడమ నిలిపేస్తే జబ్బు మొండికెత్తుతాది. మళ్ళా మందుకు లొంగుతుందో లేదో దేవుడికే తెలుసు."

బాగవుతున్న మనిషి, తన మందులు తానే దానం చేసి చీకట్లో లేచిపోవడమేమిటి? ముందురోజు అన్నిటికీ నిండు గ్లాసు చూపించిన మనిషి! కరుణమ్మ ఆ మాత్రల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు అడిగినాకే పోయినాడు. మీరే పోయి పిలుసుకోని రండి" అంది. మేం కాదనలేదు.

పుంగనూరు: ఎర్ర మరక

పుంగనూరు బస్సులో నిలబడడానికే చోటు లేదు. ఎవరో టమాటా గంప ఒకటి నా పక్కన పెట్టి, "కాస్త సూసుకోమ్మా" అని ముందుకు పోయారు. గుంత దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. గంప నా మీద, నేను గంప మీద. లేచి చూసుకుంటే తెల్లటి వెంకటగిరి చీర ఛాతీ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రగా, గింజలతో సహా. గంప ఆవిడ వచ్చి నన్ను వదిలేసి టమాటాలను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మార్కెట్టులో అర్ధరూపాయి పలికినా ఎవరి పంట వాళ్ళకు ముద్దు.

పుంగనూరులో ఆటో కోసం నిలబడ్డప్పుడు, ఒక అంగడి ముందు దూడ కట్టేసి ఉంది. నా నడుము ఎత్తు కూడా లేదు. "తల్లి ఏదీ?" అని అడిగాను. అంగడాయన నవ్వాపుకోలేక, "అదే తల్లమ్మా. మూడు ఈతలు ఈనింది. మా ఊరి ఆవులు అంతే" అన్నాడు. ఇంకోరోజైతే ఆ ఆవు దగ్గర అరగంట గడిపేదాన్ని.

సిద్దమ్మ ఇల్లు

పల్లెకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రెడ్డెప్ప భార్య పేరు సిద్దమ్మ. గడ్డి మోపు దించుతూ మమ్మల్ని చూసింది. "మేం మదనపల్లె ఆసుపత్రి నుంచి..." అని వసుంధర మొదలుపెట్టిందో లేదో, ఆమె కళ్ళు నా చీర మీద పడ్డాయి. మోపు అక్కడే వదిలేసి, "అయ్యో నా దేవుడా, నెత్తురు కక్కి పాయనా!" అని నేల మీద కూలబడింది.

నాకు ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి చుట్టూ పదిమంది ఆడవాళ్ళు చేరి ఏడుపు అందుకున్నారు. నేను గొంతు చించుకుని "టమాటా, టమాటా" అని అరుస్తున్నాను. చివరికి ఒక ముసలమ్మ నా కొంగు పట్టుకుని వాసన చూసి, "టమాటానేలే, ఏడవాకండి" అంది. ఆ మాటకి ఏడుపు ఆగింది. ఒక మనిషి చావుకబురు నేను ఒంటి మీద వేసుకుని ఊళ్ళోకి వచ్చినట్టయింది.

అసలు సంగతి చెప్పాం. సిద్దమ్మ నమ్మలేదు. "ఈడికి రాలేదే!" అంటూ ఇంట్లోకి పోయి వెంటనే తిరిగొచ్చింది. ట్రంకుపెట్టె తెరిచి ఉందట. పెళ్ళిళ్ళకి కట్టే తెల్ల పంచె, చొక్కా లేవట. ఆమె చేలో ఉన్నప్పుడు వచ్చి వెళ్ళాడన్నమాట. కొంగు వాసన చూసిన ముసలమ్మే అప్పుడు నోరు విప్పింది: "పొద్దున సూసినా. కుప్పం పోయొస్తానవ్వా అన్నాడు. నువ్వు పంపించినావనుకుంటి."

"కుప్పమా? యాల?" సిద్దమ్మ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. "కుప్పంలో ఏముండాది? మా బావ మునస్వామి టీ అంగడి ఉండాది. రైలు కట్ట ఉండాది."

మంచి బట్టలు కట్టుకుని, మందులు దానం చేసి, రైలు నడిచే ఊరికి వెళ్ళిన మనిషి. అందరికీ ఒకటే ఊహ.

ఆ వేళప్పుడు పోతే దారిలో చిక్కుకుంటామని, మర్నాడు మొదటి బస్సుకే పొమ్మని ఊళ్ళోవాళ్ళు ఆపారు. సిద్దమ్మ మాకు సంగటి చేసి పెట్టింది. తను తినలేదు. మా వైపు ఇంత కష్టంలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలే వండి తెస్తారు. ఆమెకు ఆ మాట చెప్పి వద్దంటే విడ్డూరంగా చూసింది. "నా బాధ నాది. మీరు యాల పస్తుండల్ల?" అంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, పిల్లలు లేరు. మునస్వామి ఆమె మేనత్త కొడుకు. భార్య పోయి రెండేళ్ళయింది. "ఆ మనిసితో ఈయప్పకు అంత రాకపోకలు గూడ లేవు" అని పదే పదే అంటూ గోడకానుకుని కూర్చుంది. నేను ఎప్పుడు కునుకు తీశానో తెలియదు. లేచేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది.

కుప్పం

సిద్దమ్మతో కలిసి పలమనేరు మీదుగా బస్సు. దారిలో అడవి. ఏనుగులు దాటుతాయి, చూడండి అని కండక్టరు చూపించాడు గాని, బస్సులో మేం ముగ్గురం మాత్రం రోడ్డు వంకే చూస్తున్నాం. కుప్పం చేరాక ఏ దేశానికి వచ్చానో తెలియలేదు. ఒక బోర్డు తెలుగులో, పక్కది తమిళంలో, దాని పక్కది కన్నడంలో. పూలమ్మే ఆవిడ ఒక్క మూర అమ్మడానికి మూడు భాషలూ వాడింది.

స్టేషను దగ్గరికి రాగానే సిద్దమ్మ ముందు కట్ట వైపు పరుగెత్తింది. పట్టాల మీద ఎవరూ లేరు. మేకలున్నాయి. నేను ఊపిరి వదిలాను. ఎదురుగా టీ అంగడి. బెంచీ మీద తెల్ల పంచె, తెల్ల చొక్కా, దువ్విన జుట్టుతో రెడ్డెప్ప. రెండు చేతుల్తో టీ గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు.

మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సిద్దమ్మ దగ్గరికి పోయి ఆయన భుజాలు, చేతులు తడిమి చూసుకుంది. అప్పుడు పొయ్యి వెనక నుంచి మునస్వామి వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, రాత్రంతా నిద్రలేని కళ్ళతో ఉన్నాడు.

"సిద్దమ్మా, వొచ్చినావా. ఈ మనిసిని పిలుసుకోని పో తల్లీ, నీకు దండం పెడతా."

"ఏమయింది బావా? యాలొచ్చినాడు?"

మునస్వామి రెడ్డెప్ప వంక చూశాడు. రెడ్డెప్ప తల దించుకున్నాడు. "నేను సెప్పలేను" అంటూనే మునస్వామి చెప్పేశాడు. "నేను సచ్చిపోతాండా, నువ్వు నా పెండ్లాన్ని మారుమనువు చేసుకోల్ల, నా కండ్ల ముందరే మాటియ్యి అని కూసున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఇదే మాట."

నేను విన్నది నిజమేనా అని వసుంధరను చూశాను. ఆమె నోరు తెరుచుకుని ఉంది. మారుమనువు ఆ వైపు కొన్ని ఇళ్ళల్లో ఉన్న ఆచారమే. మొగుడు పోయిన మనిషికి పెద్దలు చూసి చేస్తారు. మా ఇళ్ళల్లో ఆ మాట ఎత్తడానికి కూడా ఎవరూ సాహసించరు. కానీ బతికున్న మొగుడు మంచి పంచె కట్టుకుని వెళ్ళి తన భార్యకు సంబంధం మాట్లాడడం ఆ వైపైనా ఈ వైపైనా ఎవరు విన్నారు?

సిద్దమ్మ అడిగింది. "నువ్వేమన్నావు బావా?"

"సరే అన్నా."

"ఏమీ?"

"సరే అనకపోతే ఈయప్ప ఆ కట్ట వైపే సూస్తాండాడు సిద్దమ్మా! ఏమి సేసేది? తెల్లారేదాకా మనిసి ఉండల్ల గదా. సరే, సేసుకుంటా, ముందు అన్నం తిను అన్నా. తిన్నాడు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నన్నేమనుకున్నావు? ఆవనుకున్నావా? పలుపు పట్టుకోనొచ్చి ఈయప్ప సేతిలో పెట్టేకి?"

"అట్ల కాదు సిద్దీ. నీకు బిడ్డల్లేరు. నేను పోతే మా అన్నదమ్ములు నిన్ను ఆ ఇంట్లో ఉండనీరు. నేను పోయినాక అడిగేకి నేనుండను గదా."

"నన్నొక మాట అడిగినావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసే వచ్చినావా!" అని ఆయన ఛాతీ మీద రెండు చేతుల్తో కొట్టబోయి, జబ్బు గుర్తొచ్చి కాబోలు, బెంచీని కొట్టింది. గ్లాసులు ఎగిరి పడ్డాయి. టీ తాగుతున్నవాళ్ళు లేచి పక్కకి జరిగారు.

అప్పుడు వసుంధర ముందుకొచ్చి నెమ్మదిగా అడిగింది. "రెడ్డెప్పగారూ, మీరు చనిపోతారని ఎవరు చెప్పారు?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మీరే గదమ్మా."

"మేమా?"

"మా నాయన పడుకోనున్నప్పుడు డాక్టరు బయటికొచ్చి, ఆశ పెట్టుకోవద్దండన్నాడు. రెండు దినాలకు పోయినాడు. మా అమ్మకూ అంతే, ఆశ లేదన్నారు. ఆస్పత్రిలో ఆ మాట ఇంగెప్పుడు ఎత్తుతారమ్మా? మీరొచ్చి ఆశ ఉండాదా అంటిరి. జబ్బు పెద్దదైనోళ్ళనే అడగతాండామంటిరి. సదువుకున్నోళ్ళు గదా, ఉన్న మాట మెత్తగా సెప్తాండారనుకున్నా."

ఆ ప్రశ్నలో ఆశ అనే మాట నేను ఎంచి ఎంచి పెట్టింది. ఇంతకన్నా తేలిక మాట తెలుగులో లేదని వసుంధరతో వాదించాను కూడా.

"మరి అన్నిటికీ నిండు గ్లాసు ఎందుకు చూపించారు?" అంది వసుంధర.

"మీరు బాధపడతారని" అన్నాడు రెడ్డెప్ప. "దూరం నుంచి వచ్చినారు, ఆడబిడ్డలు. లేదని యాల సెప్పేది?"

వసుంధర బెంచీ మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది. ఇన్నాళ్ళుగా ఎన్ని వార్డుల్లో, ఎంతమంది తనకోసం నిండు గ్లాసు చూపించి ఉంటారో అన్న ఆలోచన ఆమెకు అప్పుడే వచ్చిందట. నాతో తరవాత చెప్పింది.

మేం ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. మీకు బాగైందండీ అంటే, అది కూడా మెత్తగా చెప్పడమే అనుకున్నాడు. ఇలా కాదని ఎదుటి ఎస్టీడీ బూత్‌కి తీసుకుపోయాం. ఆసుపత్రికి కలిపి, కరుణమ్మను పిలిపించి, ఫోను ఆయన చెవికి పెట్టాం. ఆమె గొంతు బూత్ బయట నిలబడ్డ మాకు కూడా వినిపించింది.

"ఏమప్పా రెడ్డెప్పా, నీకు బుద్ధుండాదా? కళ్ళెలో క్రిములు లేవు. బాగయినావు. ఎవురో ఏందో అడిగితే మూట కట్టుకోని పోతావా? సాయంత్రంలోగా నా వార్డులో ఉండకపోతే నీ కాళ్ళిరగ్గొడతా."

ఆయన ఫోను పెట్టేసి బూత్ మెట్టు మీద కూర్చున్నాడు. మేం సంతోషిస్తాడనుకున్నాం. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూ, "ఇంగ మునస్వామి మొగం ఎట్ల సూసేది?" అన్నాడు. చావబోననే మాట కంటే ముందు ఆ సిగ్గు తగిలింది ఆయనకి.

మునస్వామి అంగడిలోంచే కేకేశాడు. "నాకేం గుర్తులేదప్పా! ఏం మాట్లాడినావో, ఏం విన్నానో. మనిసికొక బోండా తిని పోండి, వేడిగా ఉండాయి." బోండా నిజంగా బాగుంది. మేం వెళ్ళాక సిద్దమ్మ తినడం అదే మొదటిసారి చూశాను. నాలుగు తింది.

తిరుగు బస్సు

జరిగిందేమిటో ముందే చెప్పేస్తాను, మీరు ఆత్రపడకుండా. రెడ్డెప్ప ఆ సాయంత్రమే వార్డుకి చేరాడు. ఒక్కరోజు మందు మాత్రమే తప్పింది. దానివల్ల నష్టం లేదని డాక్టరుగారు అన్నారు. మొన్న నేను ఫోను చేస్తే, ఇంటికి పంపించేశామని, సిద్దమ్మ దగ్గరుండి మాత్రలు మింగిస్తోందని కరుణమ్మ చెప్పింది. వసుంధర ఆ ప్రశ్నలు పక్కన పెట్టేసింది. మళ్ళీ మొదలుపెడుతుందో లేదో తెలియదు. పెడితే మాత్రం, ముందు ఆ ఊళ్ళల్లో కొన్ని నెలలు ఊరికే కూర్చుని వింటానంటోంది.

ఇక ఆ బస్సు సంగతి. కుప్పం నుంచి పుంగనూరు దాకా మొగుడూ పెళ్ళాలు ఒకే సీట్లో కూర్చున్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా. ఆమె కిటికీలోంచి బయటికి, ఆయన తన చేతుల వైపు. నేనూ వసుంధరా వెనక సీట్లో. ఆమె కోపం తీరలేదని ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. సిద్దమ్మ ఏమీ చెప్పకుండా లేచి దిగిపోయింది. ఊరి దగ్గరికి వచ్చాం గదా, ఇంటికే పోతోందేమో, ఆయన్ని మాకు వదిలేసిందేమో అనుకున్నాను. రెడ్డెప్ప కూడా అదే అనుకున్నట్టున్నాడు. ఆపలేదు. జనం ఎక్కారు, కండక్టరు విజిలేశాడు, బస్సు కదిలింది. నేను కిటికీలోంచి చూస్తే, సిద్దమ్మ అరటిపళ్ళ బండి దగ్గర నుంచి చేతిలో పళ్ళ అత్తంతో పరుగెత్తుకొస్తోంది. మేం నోరు తెరిచేలోపే రెడ్డెప్ప లేచి నిలబడ్డాడు. సీటు కమ్మీ పట్టుకుని, ఆ చిక్కిన ఛాతీలోంచి ఎక్కడ నుంచి వచ్చిందో తెలియని గొంతుతో అరిచాడు.

"ఆపప్పా! ఆపు! నా పెండ్లాం ఎక్కల్ల! నా పెండ్లాం!"

బస్సంతా ఉలిక్కిపడింది. డ్రైవరు అంత గట్టిగా బ్రేకు వేస్తే జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. సిద్దమ్మ రొప్పుతూ ఎక్కింది. రెడ్డెప్ప ఆగకుండా దగ్గుతున్నాడు. ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి, పక్కన కూర్చుని, వీపు రాసింది.

"ఊరంతా వినేటట్ల యాల అరస్తావు? ఎక్కతాండా గదా" అంది. అని, ఒక పండు ఒలిచి ఆయన చేతిలో పెట్టింది.